సంగటి ముద్దలో మింగిన మాత్ర

ఇది రాసి పెట్టక తప్పదని నాకు మా ఊరి లైబ్రరీలోనే తట్టింది. అక్కడి బీరువాలన్నీ నాకు తెలుసు. గర్భిణీలు ఏం తినాలో చెప్పే పుస్తకాలున్నాయి. పసిబిడ్డకు నూనె ఎలా మర్దన చేయాలో చెప్పేవి ఉన్నాయి. వేరుశనగకు పట్టే తెగుళ్ల మీదైతే ఒక అర నిండా ఉన్నాయి. యాభై ఏళ్ల ఆడదానికి ముట్లుడిగినప్పుడు ఒంట్లో ఏమవుతుందో వెతికితే, ఒక లావుపాటి ఆరోగ్య పుస్తకం చివర అర పేజీ దొరికింది. అందులోనూ సగం దాకా దిగులు పడకూడదనీ, దైవచింతన మంచిదనీ ఉంది. ఇదేం న్యాయం? ఆకుమచ్చ తెగులుకున్న గౌరవం మాకు లేకపోయిందా?

నేను రాయకపోతే రేపు మా వీధిలో ఇంకొకామె అదే అర పేజీ తెరిచి, చదివి, నిట్టూర్చి, పుస్తకం మూసేస్తుంది. అందుకని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఇదంతా తలచుకుంటే నాకు నవ్వాగదు. ఊరికే ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఉంటే ఇంట్లోవాళ్లకు మళ్లీ అనుమానం వస్తోంది.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. జాకెట్లు కుడతాను. మా ఆయనకు ఉరవకొండ దగ్గర మెట్ట పొలం ఉంది. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం. సాయంత్రం లైబ్రరీ తలుపులు తీసే వేళకు మిషన్ మీద గుడ్డ కప్పేసి వెళ్లిపోతాను. మొదట్లో పేపర్ల బల్ల దగ్గర మగవాళ్లు నన్ను చూసి, ఎవరినో పిలుచుకుపోవడానికి వచ్చాననుకునేవారు. ఇప్పుడు ఆ బల్ల దగ్గర నాకంటూ ఒక కుర్చీ ఉంది. "ఏమక్కా, ఈ మాటకు అర్థమేమి?" అని నన్నే అడుగుతారు. నేను చెబుతాను. తెలియకపోతే నిఘంటువు తీసి చూసి మరీ చెబుతాను. నాకు బంగారం పెద్దగా లేదు గానీ ఈ ఒక్క దర్జా మాత్రం ఉంది.

ఇక సెగ సంగతి. మా సీమలో వేడి పుడుతోందంటే ఎవరూ దాన్ని జబ్బనుకోరు. ఎండాకాలంలో ఒకరోజు, రొమ్ముల దగ్గర మొదలై ముఖం దాకా నిప్పు పాకినట్టుందని చెబితే మా ఆయన తువ్వాలుతో విసురుకుంటూ అన్నాడు.

"అందరికీ కాల్తానే ఉండాది. నీకొకదానికి వేరే సూర్యుడేమన్నా ఉండాడా?"

సరే అనుకున్నాను. కానీ చలికాలంలో ఊరంతా దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే, నేను పెరట్లో నిలబడి మెడ మీద చెంబుతో నీళ్లు పోసుకున్నాను. అప్పుడు మా వదిన చూసింది. వదినంటే మా ఆయన అక్క. పక్కిల్లే. మా ఇంట్లో ఏ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో మాకంటే ముందు ఆమెకు తెలుస్తుంది.

"మాకు నిలిచిపోలేదా మేయ్? ఒక తడిగుడ్డ నెత్తిన ఏసుకొని కళ్లం పని చేసుకున్యాం. నువ్వు శానా సదివినావు గదా, అందుకే నీకు శానా సెగ."

సెగను నేను ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది ఇంకొకటి జరిగింది. చదివింది నిలవడం మానేసింది. ఒక వాక్యం మొదలుపెడితే చివరికి వచ్చేసరికి మొదలు పోయేది. కథలోకి ఎవరో వస్తారు, పేజీ తిప్పగానే వాళ్లెవరో నాకు తెలియదు. వెనక్కి తిప్పి చూస్తాను. చేదతో నీళ్లు తోడితే పైకి వచ్చేసరికి అడుగు తడి మాత్రమే మిగిలినట్టు ఉండేది. ఒక సాయంత్రం బల్ల దగ్గర రిటైరైన కండక్టరొకాయన ఏదో మాటకు అర్థం అడిగాడు. అది నాకు బాగా తెలిసిన మాటే, వందసార్లు చెప్పిన మాట. నోరు తెరిచాను. ఏమీ లేదు. "రేపు చెప్తాలేన్నా" అని నవ్వి లేచి, ఇంటికొచ్చి, స్నానాల గదిలో తలుపేసుకుని బకెట్లోకి నీళ్లు వదిలి ఆ చప్పుడులో ఏడ్చాను. ఇంకేది పోయినా పోనీ, చదువు పోతే నా దగ్గర ఏముంటుంది?

మా లైబ్రేరియన్ సారుకు అంతా చెప్పలేక, "ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఇంకేవైనా పుస్తకాలున్నాయా సార్" అని మాత్రం అడిగాను. ఆయన ఏమీ తరచి అడగలేదు. అనంతపురం నుంచి రెండు లావు పుస్తకాలు తెప్పించి, ఇంగ్లిషు నిఘంటువుతో కలిపి నా కుర్చీ ముందు పెట్టి వెళ్లిపోయాడు. నా మతి పోవడం లేదనీ, ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోతే ఇలా మసక కమ్ముతుందనీ, అది ఎందరికో ఉంటుందనీ అందులో ఉంది. ఆ ఒక్క పేరా చదవడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. అయినా అది నా జీవితంలో చదివిన మంచి పేరాల్లో ఒకటి.

బస్సెక్కి అనంతపురం వెళ్లాను. డాక్టరమ్మ నాకంటే చిన్నది, ఓపికస్తురాలు. మా ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని అడిగింది. బీపీ చూసింది, స్కానింగు చేయించింది. ఇవన్నీ చూసుకున్నాకే ఈ మందులు ఇస్తారట, కొందరికి పడవట. చివరికి చేతికి రాసుకునే జెల్ ఒకటి, నెలలో సగం రోజులు వేసుకునే మాత్ర ఒకటి రాసింది. జెల్ ఈస్ట్రోజెన్. మాత్ర ప్రొజెస్టరాన్.

"రెండూ ఎందుకమ్మా? నాకు తగ్గింది ఈస్ట్రోజెన్ అని చదివినానే" అన్నాను, నా చదువు కొంచెం ఆమె చెవిన పడాలని.

"ఒక్క ఈస్ట్రోజెన్ మాత్రమే ఇస్తే గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది. అది మంచిది కాదు, పోను పోను ప్రమాదం. ఆ పెరుగుదలను ఈ మాత్ర అదుపులో పెడుతుంది."

నాకు వెంటనే పొలం కనిపించింది. వాన పడితే పంటతో పాటు గడ్డీ లేస్తుంది. ఆ గడ్డిని కోసెయ్యడానికే సాళ్ల మధ్య గుంటక తోలతాం. జెల్ వాన, మాత్ర గుంటక. ఈ మాట చెబితే ఆమె కలం పక్కన పెట్టి, "ఇది నేను వేరేవాళ్లకు చెప్పుకోవచ్చా?" అంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఉబ్బిపోయాను.

కొన్ని వారాలకు సెగ చల్లారింది. ఆ తర్వాత ఒకనాడు పేపరు చదువుతూ కింది మూల దాకా వెళ్లి, పైన ఏముందో నాకు ఇంకా గుర్తుందని తెలిసి, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాను. కండక్టరన్నను పిలిచి, ఎప్పుడో అడిగిన ఆ మాటకు అర్థం చెప్పాను. "ఏ మాటక్కా?" అన్నాడు. ఆయన మరిచిపోయాడు!

ఇదంతా వాన వైపు కథ. గుంటక వైపు ఇంకోటి జరుగుతూ ఉంది.

మా ఇళ్లలో మాత్రను నీళ్లతో మింగరు. సంగటి ముద్దను మేం నమలం కదా, చిదిమి, ఊరుబిండి పచ్చడిలో అద్ది, ఒక్క గుటకలో మింగేస్తాం. ఏ మాత్రైనా ఆ చిదిమిన ముద్ద మధ్యలో పెట్టి, వేలితో మూసి, గుటుక్కుమనిపించడమే. మా ఆయన బీపీ బిళ్ల అలాగే పోతుంది. వదిన షుగరు బిళ్ల అలాగే పోతుంది. ఖాళీ కడుపున మందు పడితే పేగులు మాడతాయని మా అత్త చెప్పేది, వాళ్లత్త ఆమెకు చెప్పిందట. రాత్రి పూట వేసుకోమంది కదా అని రాత్రి ముద్దలో నేనూ అలాగే వేసుకున్నాను. శెనక్కాయల ఊరుబిండి నిండుగా అద్ది, పైన ఇంత నెయ్యి రాసి, నున్నగా.

మాత్ర వేసుకునే రోజుల్లో తిన్న కాసేపటికల్లా నాకు లోకం మహా ముచ్చటగా ఉండేది. దూలాలు కొంచెం ఊగేవి. గోడ మీద బల్లిని చూసినా నవ్వొచ్చేది. లేచి నడిస్తే నేల మెత్తగా అనిపించేది. మందు పని చేస్తోంది కాబోలు అనుకున్నాను.

విత్తనాల కాలం వచ్చింది. విత్తనానికి కాయలు మేం చేత్తోనే ఒలుస్తాం. మిషన్లో వేస్తే పప్పు పగిలిపోతుంది, పగిలింది మొలవదు. పొద్దు వాలాక నాలుగిళ్ల ఆడవాళ్లు మా ముంగిట్లో కూర్చుని ఒలుస్తున్నారు. నేను పెందలాడే తిని, మాత్ర ముద్ద మింగి, చాట ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఎవరూ అడగకుండానే గర్భసంచి లోపలి పొర గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"మన లోపల ఒక చేను ఉండాది" అన్నాను. "నెలనెలా దుక్కి దున్ని..."

"ఏమైండాది దీనికి?" అంది ఎదురింటి అవ్వ.

వదిన జరిగి నా ముఖం దగ్గర ముఖం పెట్టింది. "ఏదీ, నోరు తెరువు. ఊదు." ఊదాను. "వాసనేమీ లేదే!"

"వదినా, నీకు రెండు ముక్కులుండాయి. రెండూ బాగుండాయి" అన్నాను. ఈ మాట అని నేను వెనక్కి పడి నవ్వాను. నన్ను చూసి అవ్వ నవ్వింది, అవ్వను చూసి అందరూ నవ్వారు. ఆ ఉత్సాహంలో లేచాను. చాటెడు విత్తనం, ఏరి ఏరి ఒలిచిన నిండు పప్పు, గోతాంలో పోయబోయి ఎనుము కుడితి తొట్లో పోశాను. ఎనుము ఒక్క క్షణం నా వైపు చూసి, మళ్లీ ఇలాంటి అదృష్టం రాదన్నట్టు మూతి ముంచేసింది.

"ఏయ్, ఏయ్! అది ఇత్తనమే!" మా ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"తిననీ పాపం. దానికీ ఏదో ఒకనాడు నిలిచిపోతాది గదా. బలం ఉండల్ల" అన్నాను. ఆ తర్వాత ఏమన్నానో నాకు తెలియదు. వదినకు మాటమాటా తెలుసు. ఇప్పటికీ పెళ్లిళ్లలో అభినయించి చూపిస్తుంది.

తెల్లారాక ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మా ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు. "ఇంక ఆ మందులు చాలు. యాడన్నా మెట్లమీంచి పడితే ఎట్ల? రెండూ నిలిపెయ్యి."

"నిలిపేస్తే మళ్లా సదవలేను."

"పుస్తకం యాడికి పోతాది? ముందు మనిషి నిలబడల్ల గదా."

ఆయన కోపంతో అనలేదు, భయపడి అన్నాడు. కానీ నా భయం ఆయన భయం కంటే పెద్దది. స్నానాల గదిలో బకెట్ చప్పుడు నాకు మళ్లీ వినిపించింది. మాత్ర ఒక్కటి మానేసి జెల్ ఉంచుకుంటే? సాయంత్రం లైబ్రరీకి పోయి ఆ లావు పుస్తకాలు మళ్లీ తెరిచాను. గర్భసంచి ఉన్నవాళ్లు అలా చేయకూడదని ఒక పుస్తకం చెబితే, అసలే చేయకూడదని ఇంకోటి చెప్పింది. గుంటక మానేసి వాన ఒక్కటే కావాలంటే గడ్డి ఊరుకుంటుందా?

అప్పుడు నాకొక మహా ఆలోచన వచ్చింది. సగం వేసుకుంటే? కుట్టుపని చేసేదాన్ని, సూదులకేం కొదవ! మర్నాడు మధ్యాహ్నం మిషన్ దగ్గర కూర్చుని, ఆ మెత్తటి గుండ్రటి మాత్రను రెండు వేళ్ల మధ్య పట్టుకుని సూదితో పొడిచాను. అది ఊరుకోలేదు. చిమ్మింది. నా కళ్లద్దాల మీద కొంత, పక్కవీధి పెళ్లికూతురి జాకెట్టు మీద కొంత. వేలికంటింది వాసన చూస్తే నూనె. పెట్టెలోని కాగితం విప్పి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అరాకిస్ నూనె అని ఉంది. అరాకిస్ అంటే ఏమిటని తిప్పి చూస్తే వేరుశనగ! కింద ఇంకో ముక్క ఉంది. వేరుశనగ పడనివారు ఈ మందు వాడరాదట. మా తాలూకాలో వేరుశనగ పడని మనిషిని ఎక్కడినుంచి తెస్తారు? అలాంటివాడు పుడితే మొదటి పండుగకే గుర్తుపట్టమా? నాకు నవ్వు మొదలై ఇంక ఆగలేదు. వదిన పరిగెత్తుకొచ్చింది.

"మాత్ర ఏసుకోకుండానే నవ్వుతాండాదే! ఇది ముదిరింది!"

"కాదు వదినా, ఇందులో ఉండేది మన శెనక్కాయ నూనె!"

వదిన మాత్రను వెలుగులో పట్టి చూసింది. "అట్లయితే డాక్టరు దగ్గరికెందుకే, గానుగోని దగ్గరికి పోతే పోలా?"

సగం చేయడం నా వల్ల కాలేదు. తేల్చాల్సింది డాక్టరమ్మేనని బయలుదేరాను. మా ఆయన వదినను తోడు పంపాడు. నేను సగం చెప్పి సగం దాస్తానని ఆయనకు తెలుసు. మందు ఆపించి రమ్మని ఆమెకు ఆజ్ఞ. బస్సులో నేను కిటికీలోంచి చూస్తూ ఒకటే అనుకున్నాను, ఈ దారినే తిరిగొచ్చేటప్పుడు నేను చదివే మనిషిగా ఉంటానా, ఉండనా అని.

గదిలోకి వెళ్లగానే వదిన నిలబడే మొదలుపెట్టింది. "ఇది ఇత్తనమంతా ఎనుముకు పోసింది తల్లీ! నాకు రెండు ముక్కులుండాయంటాది!"

డాక్టరమ్మ అంతా విన్నది. సూది సంగతి నేనే చెప్పాను. అక్కడ మాత్రం ముఖం గట్టిగా పెట్టి, "ఇంకెప్పుడూ అలా చేయొద్దు. తగ్గించాలంటే తగ్గించే పద్ధతి ఉంది, నన్నడగండి" అంది. ఆపైన అడిగింది. "రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నాను కదా. ఎలా వేసుకుంటున్నారు?"

నేను చెప్పేలోపే వదిన కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. లేని కంచం ముందు పెట్టుకుంది. లేని ముద్దను చిదిమి, గుంట చేసి, లేని మాత్రను అందులో పెట్టి, మూసి, ఊరుబిండిలో రెండుసార్లు బాగా అద్ది, తల వెనక్కి వేసి గుటుక్కున మింగింది. "ఇట్ల" అంది.

డాక్టరమ్మ బల్ల మీద తల పెట్టి నవ్వింది. బయట కూర్చున్న నర్సు తలుపు తీసి తొంగి చూసింది.

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని చెప్పింది. చాలా మందులకు కడుపులో అన్నం ఉండాలి. ఈ మాత్రకు మాత్రం అన్నం తోడుంటే, అందులోనూ నూనె, నెయ్యి తోడుంటే, ఒంటికి పట్టేది చాలా ఎక్కువైపోతుంది. మత్తు, కళ్లు తిరగడం అందుకే. పైగా పొద్దు వాలగానే తింటున్నాం కాబట్టి, నిద్రలో పోవాల్సిన మత్తు మెలకువలో వచ్చింది. అంటే ఆమె రాసిన మోతాదు ఒకటి, మా ఊరుబిండి నాకు పోసిన మోతాదు ఇంకొకటి! ఇంటికొచ్చి చూస్తే ఆ మాట కాగితంలోనూ ఉంది, వేరుశనగ మాటకు కొంచెం కిందనే. వేరుశనగ దగ్గరే నేను నవ్వుకుంటూ ఆగిపోయాను.

"అంటే మానమని చెప్పరా మీరు?" అంది వదిన, తమ్ముడికి ఏం చెప్పాలో తెలియక.

"ఏది మానమంటారమ్మా, సంగటా, మాత్రా?"

"సంగటి యెట్ల మానేది తల్లీ!"

"అయితే రెండూ ఉండనీండి. మధ్యలో బాగా ఎడం ఇవ్వండి. తిన్నది అరిగాక, పక్క మీదికి చేరేటప్పుడు, ఉత్త నీళ్లతో. ముందు ఇదే మోతాదు అలా వేసుకుని చూద్దాం. మీ ఊరుబిండి చేసిన పని ఏదో, మాత్ర చేసిన పని ఏదో తేలాలి కదా."

అలాగే చేశాను. దూలాలు ఊగడం మానేశాయి. పొద్దున లేచాక మాత్రం తల కొంచెం బరువుగా ఉండేది. మళ్లీ వెళ్లినప్పుడు స్కానింగులో పొర పలచగా, బాగా ఉందని చూసి, ఆఖరి ముట్టు వచ్చి ఏడాది కూడా దాటింది కాబట్టి, నెలలో సగం రోజులు పెద్ద మాత్ర మాన్పించి రోజూ చిన్నది రాసింది. ఎప్పుడైనా రక్తం కనబడితే వెంటనే రమ్మంది. ఆ చిన్న మాత్రతో పొద్దుటి బరువు కూడా దిగిపోయింది. సూదితో నేను చేయబోయింది ఆమె కలంతో చేసింది.

ఆ నెలలో ఒక సాయంత్రం, మునుపు మూడుసార్లు వదిలేసిన ఒక లావు నవల తీశాను. మూడు తరాల కథ, మనుషులు జాతరలా వస్తారు. ఒకరి తర్వాత ఒకరు నా తలలోకి వచ్చి కూర్చున్నారు. ఎవరూ లేచి పోలేదు. అత్తెవరో, మరదలెవరో, ఎవరు ఎవరి పొలం గట్టు జరిపారో అంతా నాకు తెలుసు! సారు తాళాల గుత్తి ఆడించేదాకా తల ఎత్తలేదు.

పుస్తకాలు రాసేవాళ్లు చివర సాయం చేసినవాళ్లను పేరుపేరునా తలచుకుంటారు. మా ఇళ్లలో వరసే పేరు కాబట్టి నేను వరసలతోనే తలచుకుంటాను. కలం పక్కన పెట్టి విన్న డాక్టరమ్మకు దండాలు. తరచి అడగకుండా పుస్తకాలు తెప్పించిన లైబ్రేరియన్ సారుకు దండాలు. అర్థం కోసం రేపటిదాకా ఆగిన కండక్టరన్నకు. ముంగిట్లో నన్ను చూసి నవ్విన అవ్వకు, నవ్వి ఊరుకుని మర్నాడు తలా ఒక దోసిలి విత్తనం తెచ్చి మా గోతాంలో పోసిన ఆడవాళ్లందరికీ. మా వదినకు రెండుసార్లు. నాకు నయమైంది మాత్రను మార్చినందుకు కాదు, తను వండి పంపిన కాకరకాయ తిన్నందుకేనని ఆమె ఇప్పటికీ ఊరంతా చెబుతోంది. అయినా ఆమె ఆ రోజు అలా మింగి చూపించకపోతే నేను 'సంగటితో' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేదాన్ని, ఆ ఊరుబిండి సంగతి తేలేదే కాదు.

ఇక మా ఆయన. సంగటికీ మాత్రకూ మధ్య ఎడం ఇవ్వాలి కదా, ఆ ఎడంలో మేమిద్దరం ముంగిట్లో కూర్చుంటాం. మొదట్లో నేను తూలుతానేమోనని కాపలాకి కూర్చునేవాడు. ఏం చేయాలో తోచక, నేను చదివిన కథ చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు కంచం కడగనైనా కడగనీడు.

"ఇంకా ఏసుకోలేదు గదా?"

"లేదు."

"అట్లయితే చెప్పు. ఆ చిన్నోడు గట్టు జరిపినాడు, వాళ్ల పెద్దమ్మ చూసింది. ఆమేమనింది?"

చెబుతాను. ఒక్కరిని కూడా మరిచిపోకుండా చెబుతాను.